జిగురు డబ్బా మూత అప్పుడే తీయకు

బుజ్జీ,

నువ్వు పంపిన ఫొటోలు చాలాసార్లు చూశాను. పాత ఇనుము కొట్టు నుంచి బేరింగులు, సైకిల్ చైను, పాడైపోయిన తాళం కప్పలు సంచీ నిండా తెచ్చుకున్నావు, బాగున్నాయి. కానీ తెచ్చిన రాత్రే వాటితో బొమ్మ అతికించడం మొదలుపెట్టానన్నావు చూడు, అక్కడ నాకు టెన్షన్ పట్టుకుంది. ఆపు. ఆ జిగురు పక్కన పెట్టెయ్.

ముందు అన్నీ సర్ఫు నీళ్లలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దు, గ్రీజు వదులుతుంది. పెళ్లలు కట్టిన తుప్పుని వైరు బ్రష్‌తో రాలగొట్టు, అంతటితో వదిలెయ్, తళతళలాడేలా తోమకు. ఆ ఎర్ర రంగు ఏళ్ల తరబడి వానకి తడిస్తే వచ్చింది, ఏ రంగు డబ్బా కొన్నా రాదు. చేతికి గ్లవ్స్ వేసుకో, టీటీ ఇంజక్షన్ చేయించి ఎన్నాళ్లయిందో అమ్మని అడుగు. ట్యూబులైట్లు, పాత బ్యాటరీలు మాత్రం ఇంటికి తేవద్దు. ట్యూబులైటులో పాదరసం, బండి బ్యాటరీలో సీసం, యాసిడ్ ఉంటాయి.

ఆరాక నేల మీద పాత దుప్పటి పరిచి అన్నీ పేర్చుకో. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూస్తూ, ఒకటి అటు జరిపి, ఒకటి తీసేసి, కనీసం వారం రోజులు ఉండు. నువ్వు గుర్రం చేద్దామని ముందే అనుకుని దాని కాళ్లకని స్పానర్లు వెతికావు, అందుకే స్పానర్లు స్పానర్లలా లేవు, గుర్రమూ గుర్రంలా లేదు. పికాసో 1942లో సైకిల్ సీటు, హ్యాండిల్ రెండే కలిపి ఎద్దు తల చేశాడు, ఫొటో వెతికి చూడు. ఎద్దు కనిపిస్తుంది, సైకిలూ కనిపిస్తూనే ఉంటుంది. నేను ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ వెతుక్కునేది అదే.

ఇంకోటి, దొరికిన ప్రతి రకం ఒక్కోటి తేవడం మానెయ్, ఒకే రకం ఎక్కువ తెచ్చుకో. చండీగఢ్‌లో పారేసిన సామానుతో రాక్ గార్డెన్ అనే బొమ్మల తోట కట్టిన నేక్ చంద్ ప్రభుత్వ రోడ్ల ఇన్‌స్పెక్టరు. కొత్త నగరం కోసం పాత ఊళ్లు పడగొడితే మిగిలిన రాళ్లూ పెంకులూ సైకిల్ మీద మోసుకొచ్చి, ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా అడవిలో పేర్చుకున్నాడు. జనం చూడ్డానికి తెరిచింది 1976లో. పగిలిన గాజులతో ఆయన చేసిన బొమ్మలు చూస్తే నీకే తెలుస్తుంది, నాలుగు గాజు ముక్కలు అతికిస్తే చెత్తలాగే ఉంటాయి, ఒళ్లంతా అవే పరిస్తే బట్ట కట్టినట్టుంటుంది.

ఇక అతకడం. ఫెవికాల్ చెక్కకీ కాగితానికీ, ఇనుముకి ఆగదు. నా మొదటి బొమ్మ అలాగే గోడకి తగిలించాను, వానాకాలంలో ఒక అర్ధరాత్రి మొత్తం ఊడి కింద పడింది, కింద ఎవరూ పడుకోలేదు కాబట్టి సరిపోయింది. ఇనుముకి అరల్డైట్ వాడు, రెండు ట్యూబులూ సమానంగా కలిపి, అతికే చోట ఎమరీ పేపరుతో గరుకు చేసి, రాత్రంతా కదపకు. బరువైనదాన్ని అసలు జిగురుకే వదలొద్దు. కన్నం వేసి బోల్టు బిగించు, లేదా స్లాబు కడ్డీలు కట్టే బైండింగ్ వైరుతో మెలిపెట్టి కట్టు, ఆ కట్టు బయటికి కనిపించినా పర్వాలేదు.

మా హాల్లో ఉన్న మీ నానమ్మ కుట్టు మిషను సొరుగు నీకు గుర్తుందా? అందులో మొదట టేపు, కత్తెర, హుక్కులు, గుండీల డబ్బా అన్నీ పెట్టాను. రెండేళ్లు తృప్తి లేదు. ఒకరోజు అన్నీ తీసేసి, ఒక కాడ విరిగితే దారంతో కట్టుకున్న ఆవిడ కళ్లజోడూ, ఆకుపచ్చ దారం ఇంకా కొంచెం మిగిలున్న బాబినూ మాత్రం ఉంచాను. మీ నాన్న వచ్చి చూసి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఆ మిషనుది రెండో సొరుగు అటక మీద ఉంది. నేను తెరవలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు, నీకే.

మీ పెదనాన్న