పాఠకుల ప్రశ్నలు: టామ్‌క్యాట్ కడుపులో ఫీలిక్స్

ప్రశ్న: అన్నా నమస్తే. మాది హన్మకొండ. ఎనుమాముల మార్కెట్ల అడ్తిదారులకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీల పనిచేస్తున్న. కాంటా, తక్‌పట్టి (రైతుకిచ్చే అమ్మకం చీటి), హమాలీ లెక్క, కమీషన్ ఇట్ల దేనికదే విడగొట్టి ఓఎస్‌జీఐ (నడుస్తుండగనే జావా ప్రోగ్రాం ముక్కలు మార్చుకునే పద్ధతి) బండిల్స్‌గా, అంటే ఒక్కో ముక్క ఒక్కో జార్‌గా రాసినం, ఎందుకంటే మిర్చి సీజన్ల ఒక లెక్క మార్చాలంటే మొత్తం సర్వర్ ఆపుడు కుదరదు. కానీ సర్వర్ మా చేతుల లేదు, క్లయింట్ దగ్గర టామ్‌క్యాట్ 9 (జావా వెబ్ సర్వర్) ఉంది, ఒక్క వార్ ఫైల్ (మొత్తం వెబ్‌యాప్ ఒకే మూట) పెట్టుకోనీకి మాత్రమే పర్మిషన్ ఇచ్చిన్రు. అందుకే ఆ బండిల్స్‌ను నడిపే ఫ్రేమ్‌వర్క్ అపాచీ ఫీలిక్స్‌ను వార్ లోపల్నే స్టార్ట్ చేస్తున్న. మొదట బండిల్ రిజాల్వ్ కాలే (దానికి కావాల్సినవి దొరికి జత కాలే), జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్ ప్యాకేజీ (వెబ్ రిక్వెస్ట్‌లకు జవాబిచ్చే క్లాసులది) దొరకలేదన్నది. సరే అని సర్వ్‌లెట్ ఏపీఐ జార్‌ను కూడా బండిల్స్ ఫోల్డర్ల పడేసిన, రిజాల్వ్ అయింది గని బయటి సర్వ్‌లెట్ నుంచి లోపలి సర్వ్‌లెట్‌ను పిలిస్తే క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ వస్తంది. మా క్లాస్ హెచ్‌టీటీపీసర్వ్‌లెట్ కాదంటది, మేం రాసిందేమో దాన్ని ఎక్స్‌టెండ్ చేసే! ఇంకోటి, కొత్త జార్లతోని కొత్త వార్ పెట్టినా పాత కమీషన్ లెక్కనే చూపిస్తంది. వారం రోజుల నుంచి దీనిమీదనే ఉన్న.

జవాబు: తమ్మీ, ఇవి రెండు వేరే వేరే జబ్బులు, ఒక్కొక్కటి చూద్దాం.

జావాల క్లాస్ అంటే పేరొక్కటే కాదు, పేరు ప్లస్ దాన్ని లోడ్ చేసిన క్లాస్‌లోడర్ (క్లాస్‌ను జార్ నుంచి తెచ్చే భాగం). రెండు అడ్తి దుకాణాల్ల తక్‌పట్టి ఫారం ఒకే తీరు ఉంటది, అచ్చులు కూడా ఒక్కటే, అయినా ఒక దుకాణంల రాసిచ్చిన పట్టి పట్టుకపోయి ఇంకో దుకాణంల పైసలు అడిగితే ఇయ్యరు కదా, గట్లనే. టామ్‌క్యాట్ లోడ్ చేసిన హెచ్‌టీటీపీసర్వ్‌లెట్ ఒకటి, నువ్వు బండిల్‌గా పెట్టిన జార్ నుంచి ఫీలిక్స్ లోడ్ చేసిన హెచ్‌టీటీపీసర్వ్‌లెట్ ఇంకోటి, నీ బండిల్ లోపలి దానికి వైర్ అయింది, బయటి కోడ్ మాత్రం టామ్‌క్యాట్ దాన్నే ఎరుగుతది.

అందుకే ముందు ఆ జార్‌ను బండిల్స్ ఫోల్డర్ నుంచి తీసెయ్యి. వార్ లోపలి వెబ్‌ఇన్ఫ్ లిబ్ ఫోల్డర్ల కూడా ఉండొద్దు, మావెన్ (బిల్డ్ చేసే టూల్) వాడుతున్నవంటే స్కోప్ ప్రొవైడెడ్ అని పెట్టు. (లిబ్‌ల ఉన్నా టామ్‌క్యాట్ ఆ జార్‌ల సర్వ్‌లెట్ క్లాసులను వాడదు, తన వాటినే వాడుతది.) సర్వ్‌లెట్ క్లాసులు ఒక్క టామ్‌క్యాట్ నుంచే రావాలె, ఫీలిక్స్ వాటిని తన సిస్టమ్ బండిల్ (ఫ్రేమ్‌వర్క్ తనే ఒక బండిల్‌గా కనపడేది) ద్వారా లోపలి బండిల్స్‌కు ఇయ్యాలె. ఫీలిక్స్ ఫ్రేమ్‌వర్క్ జార్ వెబ్‌ఇన్ఫ్ లిబ్‌ల ఉంటది కాబట్టి దాన్ని లోడ్ చేసేది వెబ్‌యాప్ క్లాస్‌లోడర్, దానికి పైన టామ్‌క్యాట్ క్లాసులు కనవడతయి, అందుకే ఈ పద్ధతి నడుస్తది. చెయ్యాల్సిందల్లా ఫ్రేమ్‌వర్క్ కాన్ఫిగ్‌ల ఓఆర్‌జీ డాట్ ఓఎస్‌జీఐ డాట్ ఫ్రేమ్‌వర్క్ డాట్ సిస్టమ్ డాట్ ప్యాకేజెస్ డాట్ ఎక్స్‌ట్రా అనే ప్రాపర్టీల జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్, దాని కింది హెచ్‌టీటీపీ ప్యాకేజీ రెండూ రాసుడే.

కానీ వెర్షన్ తప్పక రాయి. వెర్షన్ రాయకపోతే ఓఎస్‌జీఐ దాన్ని 0.0.0 అనుకుంటది, నీ బండిల్ మానిఫెస్ట్‌ల (జార్‌ల ఉండే వివరాల ఫైల్) 3.1 నుంచి కావాలని ఉంటే మళ్ల రిజాల్వ్ కాదు, నువ్వు మళ్ల జార్ పడేస్తవ్, మళ్ల మొదటికే వస్తది కథ. టామ్‌క్యాట్ 9 ఇచ్చేది సర్వ్‌లెట్ 4.0, కాబట్టి 4.0 రాయి. ఏదన్నా పాత బండిల్ 4 కంటే తక్కువే కావాలని పట్టుబడితే అదే ప్యాకేజీని 3.1 వెర్షన్‌తోని ఇంకోసారి రాయొచ్చు, రెండు వెర్షన్లు రాసినా వచ్చే క్లాస్ ఒక్కటే కాబట్టి గొడవ ఉండది. బయటి వెబ్‌యాప్, లోపలి బండిల్స్ రెండూ వాడే మీ సొంత ఇంటర్‌ఫేస్‌లు ఏమన్నా ఉంటే వాటికి కూడా ఇదే: జార్ లిబ్‌ల, పేరు ఆ ప్రాపర్టీల.

బయటి సర్వ్‌లెట్ నువ్వే రాసుకున్నవ్ గని దానికి రెడీమేడ్ ఉంది. ఫీలిక్స్ వాళ్ల హెచ్‌టీటీపీ ప్రాక్సీ జార్‌ను లిబ్‌ల పెట్టి, హెచ్‌టీటీపీ బ్రిడ్జ్‌ను లోపల బండిల్‌గా పెట్టు, ఫ్రేమ్‌వర్క్ స్టార్ట్ చేసినంక బండిల్‌కాంటెక్స్ట్‌ను సర్వ్‌లెట్‌కాంటెక్స్ట్‌ల అట్రిబ్యూట్‌గా బండిల్‌కాంటెక్స్ట్ పూర్తి క్లాస్ పేరుతోనే పెడితే ప్రాక్సీ దాన్ని పట్టుకొని రిక్వెస్ట్‌లన్నీ లోపలికి పంపిస్తది. లోపల మళ్ల జెట్టీ (ఇంకో వెబ్ సర్వర్) పెట్టకు, పోర్ట్ తెరవనీకి నీకు పర్మిషనే లేదు కదా. సర్వర్ మీ సొంతమైతే మాత్రం తిప్పి చెప్పేటోన్ని, ఫీలిక్స్‌నే బయట పెట్టి జెట్టీని అండ్ల బండిల్‌గా నడిపియ్యుమని, ఈ వంతెన బాధే ఉండకపోవు.

ఇగ పాత కమీషన్ సంగతి. బండిల్ పెట్టనీకి పిలిచే ఇన్‌స్టాల్‌బండిల్‌కు ఇచ్చే లొకేషన్ అనే స్ట్రింగ్ ఉంది చూడు, ఆ లొకేషన్‌తోని క్యాష్‌ల (ఫీలిక్స్ బండిల్స్ దాచుకునే ఫోల్డర్ల) ఆల్రెడీ బండిల్ ఉంటే ఫ్రేమ్‌వర్క్ కొత్త జార్‌ను చదవనే చదవదు, పాతదే తిరిగి ఇస్తది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, రైతు పట్టీల మాత్రం పాత లెక్క పడుతది. నన్నడిగితే దీనికంటే క్లాస్‌కాస్టే నయం, కనీసం మొత్తుకుంటది. స్టోరేజ్ క్లీన్ ప్రాపర్టీకి ఆన్‌ఫస్ట్‌ఇనిట్ అని పెట్టు, స్టార్ట్ అయిన ప్రతిసారి క్యాష్ తుడిచి కొత్తగ పెట్టుకుంటది. క్యాష్ ఫోల్డర్ కూడా చెప్పాలె, చెప్పకపోతే ఫీలిక్స్ టామ్‌క్యాట్ నడుస్తున్న డైరెక్టరీలనే ఫీలిక్స్-క్యాష్ అని చేసుకుంటది, రేపు అదే సర్వర్ల ఇంకో వార్‌ల ఫీలిక్స్ పెడితే రెండూ ఒకే ఫోల్డర్ మీద కొట్లాడుకుంటయి. ప్రతి వెబ్‌యాప్‌కు టామ్‌క్యాట్ ఇచ్చే టెంప్ డైరెక్టరీ ఉంటది, అండ్ల పెట్టు.

ఇంకా కొన్ని, నువ్వు అడగలే గని రేపు తగిలేవే. బండిల్స్ అన్నీ ముందు ఇన్‌స్టాల్ చేసి ఆ తర్వాతనే స్టార్ట్ చెయ్యి, ఫ్రాగ్మెంట్లను (వేరే బండిల్‌కు అతుక్కునే ముక్కలను) స్టార్ట్ చెయ్యకు. యూఆర్ఎల్ హ్యాండ్లర్ ఫ్యాక్టరీని ఒక జేవీఎంల ఒక్కసారే సెట్ చెయ్యొచ్చు, దానిమీద టామ్‌క్యాట్‌కు కూడా హక్కుంది, అందుకే ఫీలిక్స్ డాట్ సర్వీస్ డాట్ యూఆర్ఎల్‌హ్యాండ్లర్స్‌ను ఫాల్స్ చెయ్యి. వెబ్‌యాప్ ఆగేటప్పుడు నడిచే కాంటెక్స్ట్‌డిస్ట్రాయ్డ్‌ల ఫ్రేమ్‌వర్క్‌ను స్టాప్ చేసి ఊకోకు, స్టాప్ అనేది వెంటనే తిరిగొస్తది, ఆగుడు వెనకాల నడుస్తనే ఉంటది, వెయిట్‌ఫర్‌స్టాప్ పిలిచి ఆగాలె. నేను పాత ఉద్యోగంల ఇది పెట్టకుండా వదిలేసిన ప్రాజెక్ట్ ఒకటి చూసిన, జావా 6 రోజులు, నాలుగైదు సార్లు రీడిప్లాయ్ చేస్తే చాలు పర్మ్‌జెన్ (క్లాసులుండే మెమరీ) నిండి సర్వర్ పడిపోయేది, రాత్రిపూట ఫోన్లొచ్చేవి. ఇప్పుడు దాని జాగల మెటాస్పేస్ వచ్చింది కాబట్టి కొంచెం లేటయితది గని లీక్ లీకే.

నడుస్తుండగ ఒక్క కమీషన్ బండిల్ మార్చాలంటే అప్‌డేట్ ఒక్కటే సరిపోదు, ఫ్రేమ్‌వర్క్‌వైరింగ్‌ల రిఫ్రెష్‌బండిల్స్ కూడా పిలవాలె, లేకపోతే దాని ప్యాకేజీలు ఇంపోర్ట్ చేసుకున్నోళ్లు పాత క్లాసులనే పట్టుకొని కూసుంటరు. ఇంటర్‌ఫేస్‌లు వేరే బండిల్‌ల ఉంటే రిఫ్రెష్ ఒక్క బండిల్ దగ్గరనే ఆగుతది, కాంటా నడుస్తనే ఉంటది. ఇంక సెషన్‌ల బండిల్ క్లాసుల ఆబ్జెక్ట్‌లు దాచకు, అప్‌డేట్ అయినంక అవే మళ్ల క్లాస్‌కాస్ట్ తెస్తయి. స్ట్రింగ్‌లు, నంబర్లు దాచు.

ఒకవేళ మీ బండిల్స్ మూడో నాలుగో అయితే మాత్రం ఇంత కష్టం ఎందుకని మీ టీంల కూసోని మాట్లాడుకోండ్రి. టామ్‌క్యాట్ 7 నుంచి ప్యారలల్ డిప్లాయ్‌మెంట్ ఉంది, వార్ పేరు చివర రెండు హ్యాష్‌లు పెట్టి వెర్షన్ రాస్తే పాత సెషన్లు పాత దాంట్ల, కొత్తవి కొత్త దాంట్ల నడుస్తయి. పది పదిహేను ఉండి వారం వారం మారుతుంటే ఫీలిక్స్ దారే మంచిది.

ప్రశ్న: కాజీపేట నుంచి, ఎంసీఏ ఫైనలియర్ చదువుతున్న. జావా 9లనే మాడ్యూల్స్ వచ్చినయి కదా అన్నా, ఇంకా ఓఎస్‌జీఐ నేర్చుకునుడు అవసరమా?

జవాబు: రెండూ చేసే పని ఒకటి కాదు చెల్లె. 2017 సెప్టెంబర్ల వచ్చిన జావా మాడ్యూల్స్ ఏ ప్యాకేజీ ఎవరికి కనపడాలె అన్నది గట్టిగ కట్టేస్తయి, జేడీకేను ముక్కలు చేయనీకి అవి బాగా పనికొచ్చినయి, కానీ ఏ వెర్షన్ కావాలె అన్న సంగతి అండ్ల ఉండది, నడుస్తుండగ ఒక్క మాడ్యూల్ తీసి ఇంకోటి పెట్టుడు కూడా ఉండది. పైగా టామ్‌క్యాట్ వెబ్‌యాప్ జార్లన్నీ పేరులేని మాడ్యూల్ కిందికే పోతయి, అంటే నువ్వు మాడ్యూల్‌ఇన్ఫో రాసినా అక్కడ దాని మాట చెల్లదు. ఓఎస్‌జీఐ 1999 నుంచి ఉన్నది, ఎక్లిప్స్ (కోడ్ రాసే టూల్) 2004ల 3.0తోని దానిమీదికే మారింది, ఇయ్యాల్టికీ ఎక్లిప్స్ తెరిస్తే కింద నడిచేది ఈక్వినాక్స్ అనే ఓఎస్‌జీఐ ఫ్రేమ్‌వర్కే. ఉద్యోగం కోసమైతే ముందు స్ప్రింగ్ (జావా ఫ్రేమ్‌వర్క్) నేర్చుకో, కాదనను, కానీ క్లాస్‌లోడర్లు నిజంగ అర్థం కావాలంటే ఒక నెల ఓఎస్‌జీఐ మీద పెట్టు, ఆ తర్వాత క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ చూస్తే భయం పుట్టది.

ప్రశ్న: కరీంనగర్ నుంచి. టామ్‌క్యాట్ 9 నుంచి 10కి మారినం సార్, మా లోపలి బండిల్స్ ఒక్కటి కూడా రిజాల్వ్ అయితలేవు.

జవాబు: 10ల జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్ అనే ప్యాకేజీయే లేదండి, పేరు జకార్తా డాట్ సర్వ్‌లెట్ అయింది. మీ సిస్టమ్ ప్యాకేజెస్ ఎక్స్‌ట్రాల పాత పేరే ఉన్నట్టుంది, అది మార్చండి, వెర్షన్ 5.0 అని రాయండి, టామ్‌క్యాట్ 10.1 అయితే 6.0. బండిల్స్ కూడా కొత్త పేరుతోని మళ్ల కంపైల్ చెయ్యాలె, బ్రిడ్జ్, ప్రాక్సీ రెండూ జకార్తాకు మారిన వెర్షన్లే తీసుకోవాలె. అన్నీ ఒకేసారి మార్చే టైం లేకపోతే ఇప్పటికి 9 మీదికే వెనక్కి పోండి.