‘నరకమైనా సరే, వాడి దగ్గరికే పోతాను’ అంటున్న అమ్మ

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. రెండేళ్లు డిప్రెషన్‌తో బాధపడి, ఏడు నెలల క్రితం తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆదరణ కూడికలోనే ఒక సంఘపెద్ద ‘ఇలా పోయినవాళ్లకు రక్షణ లేదు’ అన్నారు. అప్పటినుంచి అమ్మ మందిరానికి రావడం లేదు. తమ్ముడి బైబిలు కవరు జిప్పులో ఒక మాత్రల స్ట్రిప్పు దొరికింది. పదింటిలో నాలుగే వాడాడు. ఉపవాస ప్రార్థనకు తీసుకెళ్లి, ‘ఇక మందులెందుకురా’ అన్నది అమ్మే. ఇప్పుడు ఆ స్ట్రిప్పు తలగడ కింద పెట్టుకుని పడుకుంటోంది. ‘నరకమైనా సరే, వాడి దగ్గరికే పోతాను’ అంటోంది. అది దైవదూషణ అని పాస్టరమ్మగారు కోప్పడ్డారు. తమ్ముడు నిజంగా నరకంలో ఉన్నాడా? అమ్మకు ఏం చెప్పాలి?
- ఒక అక్క, గుంటూరు జిల్లా

జవాబు: చెల్లెమ్మా, మీ తమ్ముడి సంగతి తర్వాత మాట్లాడతాను. ముందు అమ్మ సంగతి చూడాలి.

ఈ రాత్రే ఆమె పక్కన కూర్చోండి. ‘అమ్మా, చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, అలా పుట్టదు. ఇన్నాళ్లకు ఒకరు అడిగారని గుండె తేలికపడుతుంది. అవునంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. పొలం మందులు ఇంట్లో ఉంటే ఇవాళే వేరేచోటికి పంపేయండి. మాత్రలు మీ దగ్గర పెట్టుకోండి. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబరు, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆమె ఆ పని చేసేస్తుందేమో అనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

ఆమె అన్న మాట దైవదూషణ కాదు. ప్రజలను క్షమించకపోతే నీ గ్రంథంలోంచి నా పేరు తుడిచెయ్యి అని మోషే దేవుడితోనే అన్నాడు. తన సహోదరుల కోసం తాను క్రీస్తునుండి వేరై శాపగ్రస్తుడినైనా బాగుండునని పౌలు రాశాడు. ప్రేమ ముదిరి నొప్పి అయినప్పుడు భక్తుల నోటినుంచే ఇలాంటి మాటలు వచ్చాయి.

ఇక మీ తమ్ముడు. ప్రాణం తీసుకోవడం తప్పు కాదని నేను అనను. ‘నరహత్య చేయకూడదు’ అనే ఆజ్ఞ మన సొంత ప్రాణానికీ వర్తిస్తుందని అయిదో శతాబ్దంలో బిషప్పు అగస్టీను రాశాడు. ఆ తర్వాత చాలా కాలం సంఘం ఇలా పోయినవాళ్లకు సమాధి ప్రార్థనలు కూడా నిరాకరించింది. కానీ అక్కడే ఆగిపోలేదు. 1992లో వచ్చిన కాథలిక్ సంఘ బోధన గ్రంథం దీన్ని తప్పు అంటూనే, తీవ్రమైన మానసిక వ్యాధి మనిషి బాధ్యతను తగ్గిస్తుందనీ, అలా పోయినవాళ్ల రక్షణ గురించి ఆశ వదులుకోకూడదనీ చెబుతుంది. మన ప్రొటెస్టెంట్ సంఘాల్లో దీనిమీద ఒకే మాట లేదు. మీ పెద్దగారు చెప్పింది అందులో ఒకటి మాత్రమే.

‘పశ్చాత్తాపపడే టైమ్ లేదు కదా’ అంటారు. ఇంట్లో గొడవపడి, కోపంతోనే బండెక్కి, యాక్సిడెంట్‌లో పోయిన విశ్వాసి గురించి ఎవరూ ఇలా అనరే! రక్షణ ఆఖరి నిమిషంమీద ఆధారపడితే మనలో ఎవరికి ధైర్యం? యేసును అప్పగించి, తర్వాత ఉరివేసుకున్న యూదాను చూపిస్తారు. ‘ఆ మనుష్యునికి శ్రమ’ అని యేసు అన్నది అతను చేసిన ద్రోహం గురించి. ఇలా పోయినవాళ్లందరూ నరకానికే అనే వాక్యం బైబిల్లో లేదు. మరణమైనా జీవమైనా క్రీస్తు ప్రేమనుండి మనల్ని ఎడబాపలేవని రోమా ఎనిమిదో అధ్యాయంలో ఉంది. తీర్పు కుర్చీలో కూర్చుని ‘పరలోకంలో ఉన్నాడు’ అని రాసిచ్చే అధికారం నాకు లేదు. ‘నరకంలో ఉన్నాడు’ అనే అధికారం మీ పెద్దగారికీ లేదు. మీ తమ్ముడిని మీ అందరికంటే ఎక్కువగా ప్రేమించినవాడి చేతిలో ఆ సంగతి ఉంది. నేనైతే ఆశతోనే ఉంటాను.

ఇలా చెబితే మిగతావాళ్లకు భయం పోతుందని పెద్దల టెన్షన్. వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ మీ అమ్మగారి మాట మళ్లీ వినండి. నరకం అని చెప్పినందుకు ఆమె ఆగలేదు, ‘నరకమైనా సరే’ అంటోంది. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు చాలామంది ఇప్పుడే నరకంలో ఉన్నామంటారు. ఆ భయం వాళ్లను పట్టి ఆపుతుందన్న నమ్మకం నాకు లేదు. పాతాళంలో పడుకున్నా నీవు అక్కడున్నావు అనే 139వ కీర్తన అమ్మకు చదివి వినిపించండి. తొందరపెట్టకుండా, ఆమె వినగలిగినంతే.

మాత్రల సంగతి. ఆ మందులు పని చేయడానికి సాధారణంగా రెండు మూడు వారాలైనా పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. నాలుగింటితో తేడా తెలియదు. ‘నీ మాటవల్లే పోయాడు’ అని ఆమెను ఎవరినీ అననివ్వకండి. ఆ జబ్బు వెనక చాలా కారణాలుంటాయి, మందులు వాడుతూ కూడా కొందరు మనకు దక్కరు. అలాగని ‘నీ తప్పేం లేదులే’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేయకండి. ఆ సంగతి ఆమెను చెప్పుకోనివ్వండి. తెలియక, ప్రేమతో, బిడ్డ బాగుపడాలని అన్నది ఆమె. రోగులకే వైద్యుడు కావాలని యేసే అన్నాడు, పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. మాత్ర వేసుకుంటే విశ్వాసం లేనట్టని ఎవరైనా అంటే ఈ రెండు గుర్తుచేయండి.

ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద ‘ఇక చాలు, నా ప్రాణం తీసుకో’ అన్నప్పుడు దేవుడు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్ర, మళ్లీ రొట్టె. మాటలు ఆ తర్వాత. మీ అమ్మగారు సరిగా తిని, పడుకుని ఎన్నాళ్లైందో చూడండి. పొద్దున్నే ఇడ్లీ పెట్టి, తిన్నంతసేపూ దగ్గరే ఉండండి. మీకు ఓపిక లేనిరోజు పిన్నినో మేనత్తనో పిలవండి. మీరూ తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషే.

ఆదివారం మందిరానికి రమ్మని బలవంతం వద్దు. పాస్టరుగారిని విడిగా కలిసి, ఇంటికొచ్చి ఏ వాక్యమూ చెప్పకుండా పది నిమిషాలు కూర్చోమని అడగండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ స్ట్రిప్పు తీసుకెళ్లి చూపించండి. దాని గురించి అమ్మ అడగాలనుకున్నవి అమ్మనే అడగనివ్వండి. ఆమె ఏమన్నారో నాకు మళ్లీ రాయండి.