కన్ను పూడినా వాన ఆగదు

బరంపురం

అమ్మడూ,

గోపాల్‌పూర్ జాలరి పేటవాళ్ళకి ఉపగ్రహ చిత్రాలు చూసి వానా గాలీ కబురు చెబుతానన్నావట. మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు, భయంతోనూ పట్టలేదు. నీ మాట మీద ఒకడు పడవ దించుతాడు, ఒకడు ఒడ్డునే ఆగిపోతాడు. ముప్ఫై ఏళ్ళు అబ్జర్వేటరీలో మబ్బులు చూసినవాణ్ణి, రాయకుండా ఉండలేకపోతున్నాను.

మామూలు సంగతులు నీకు తెలిసే ఉంటాయి. చిత్రం మీద జీఎంటీ, అంటే గ్రీన్‌విచ్ టైము, అని ఉంటే అయిదున్నర గంటలు కలుపుకో. ఒక్క చిత్రంతో మాట్లాడకు, వరసగా ఆరేడు చూడు. ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే వేడిని బట్టి తీసే చిత్రంలో, తెల్లగా కనిపించేదంతా వానమబ్బు కాదు. చాలా ఎత్తున ఉండే పలచటి మబ్బూ చల్లగానే ఉంటుంది, అందుకే తెల్లగా కనిపిస్తుంది. పగలైతే ఎండ వెలుతురులో తీసే విజిబుల్ చిత్రం పక్కన పెట్టుకుంటే తేడా తెలిసిపోతుంది.

ఇక నా తప్పు. 2018 అక్టోబర్ 11, తిత్లీ తుఫాను. తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికే రిటైరయ్యాను, అయినా ఫోన్‌లో చిత్రాలు చూస్తూ కూర్చున్నాను. ముందు రోజు గుండ్రంగా కనిపించిన కన్ను, అదే తుఫాను నడిమధ్య మబ్బులేని ఖాళీ, నేల మీదికి రాగానే పూడిపోయింది. తుఫానుకి ప్రాణం సముద్రపు వేడి, అది అందకపోతే బలం తగ్గుతుందని ఎన్నేళ్ళుగానో చదువుకున్న పాఠం. అది నిజమే. ఆ నమ్మకంతోనే పర్లాకిమిడిలో మీ అత్తకి ఫోన్ చేసి, గండం గడిచింది, ఇంటికి వెళ్ళిపోండి అన్నాను. స్కూల్లో తలదాచుకున్నవాళ్ళు నా మాట విని ఏటిపక్క ఇంటికి వెళ్ళిపోయారు.

నేను మర్చిపోయింది కొండల్ని. గాలి జోరు తగ్గినా సుడి తిరుగుతూనే ఉంది, బంగాళాఖాతం తడిని లోపలికి తోడుతూనే ఉంది. ఆ తడిగాలి మహేంద్రగిరి వైపు కొండలకి కొట్టుకుని పైకి లేచి అక్కడే కురిసింది. కొండల మీద అలా కురిసే మబ్బు ఒక్కోసారి అంత ఎత్తుకి పెరగదు, ఇన్‌ఫ్రారెడ్‌లో బూడిదరంగుగానే ఉండి కుండపోత పోస్తుంది. ఉపగ్రహానికి కనిపించేది మబ్బు నెత్తి మాత్రమే. మహేంద్రతనయ ఏరు పొంగింది. గజపతి జిల్లా బారాఘరాలో కొండచరియ విరిగి జనం పోయారు. మీ అత్తావాళ్ళు పిల్లల్ని భుజాల మీద పెట్టుకుని చీకట్లో నీళ్ళలోంచి బయటపడ్డారు. వారం తర్వాత దసరాకి వెళ్తే, అత్త బురద కడిగిన వంటింట్లో కాఫీ పెట్టి ఇచ్చింది. ఒక్క మాట అనలేదు. ఆ కాఫీ నాకు గొంతు దిగలేదు.

అందుకని, చిత్రం పక్కన కొండల మ్యాప్ ఉండాల్సిందే. గాలి ఎటు నుంచి వచ్చి ఏ వాలుని కొడుతోందో చూడు. గాలి ప్రమాదం, వాన ప్రమాదం విడివిడిగా చెప్పు. గోపాల్‌పూర్ రాడార్ చిత్రం కూడా చూడు. వాతావరణ శాఖ సముద్రంలోకి వెళ్ళొద్దంటే, నీకు ఆకాశం ఎంత తేటగా కనిపించినా వెళ్ళొచ్చని అనకు. అంటే నేను ఊరుకోను.

తిండి మానేసి స్క్రీన్ ముందు కూర్చోకు తల్లీ, నీకు చిన్నప్పటి నుంచీ తలనొప్పి. తుఫాను తీరం దాటిందని మొదటిసారి రాసే ముందు మాత్రం నాకు ఫోన్ చెయ్యి. రాత్రి రెండైనా సరే, మీ పెద్దమ్మకి చెప్పి ఉంచాను.

నీ పెదనాన్న