లాక్‌డౌన్ కేసు పాస్‌పోర్టుకి అడ్డమా?

ప్రశ్న: 2020 ఏప్రిల్‌లో అమ్మకి మందులు తేవడానికి వెళ్తే పోలీసులు బండి పట్టుకుని ఐపీసీ 188 (ప్రభుత్వ అధికారి ఆర్డర్‌ని ఉల్లంఘించడం) కింద కేసు రాశామన్నారు. తర్వాత బండి ఇచ్చేశారు, సమన్లేం రాలేదు. ఇప్పుడు పాస్‌పోర్టుకి అప్లై చేద్దామంటే కేసుంటే ఇవ్వరని, కోర్టులో ఫైన్ కట్టేసి క్లోజ్ చేసుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: ఫైన్ కట్టడానికి మాత్రం తొందరపడకండి. తప్పు ఒప్పుకుని ఫైన్ కడితే చిన్నదైనా అది శిక్షే, రికార్డులో ఉండిపోతుంది.

ముందు స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని ఏ సెక్షన్లు పెట్టారో చూడండి, ఈకోర్ట్స్ సైట్‌లో మీ పేరు మీద కేసు నంబర్ పడిందేమో కూడా చూడండి. ఐపీసీ 188 (2024 జులై 1 తర్వాతి నేరాలకైతే ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లో 223) విషయంలో ఓ తిరకాసుంది. ఎఫ్ఐఆర్ పోలీసులు రాయొచ్చు గానీ కోర్టు విచారణకి తీసుకోవాలంటే క్రిమినల్ కేసుల విచారణ చట్టం సీఆర్పీసీలోని 195 ప్రకారం మీరు ఉల్లంఘించారంటున్న ఆర్డర్ ఇచ్చిన అధికారి గానీ ఆయన పైఅధికారి గానీ రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వాలి, అంటే కలెక్టర్ ఆర్డర్ అయితే ఎస్సై వేసిన ఛార్జిషీటు ఒక్కటే చాలదు. ఇది తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2010లో మునియప్పన్ కేసులో చెప్పింది, అయినా లాక్‌డౌన్‌లో ఇదెవరు పట్టించుకున్నారు లెండి. విపత్తు నిర్వహణ చట్టం 51 పెట్టినా దాదాపు ఇలాంటి అడ్డే ఉంది, ఐపీసీ 269 (నిర్లక్ష్యంతో రోగం వ్యాపింపజేయడం) కూడా కలిపితే మాత్రం ఆ సెక్షన్‌కి ఈ వాదన పనిచెయ్యదు.

ఇంకోటి గడువు. 188కి ఎక్కువలో ఎక్కువ ఆరు నెలల జైలు, అలాంటివాటికి ఏడాదిలోపే కేసు కోర్టుకి రావాలి. కోవిడ్ వల్ల సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు కాలాన్ని లెక్కలోంచి తీసేసింది, అలా చూసినా 2023తో అయిపోయింది. ఈలోగా ఏమీ వెయ్యకపోతే ఇప్పుడు కొత్తగా వెయ్యడం కష్టం. ఒకవేళ అప్పుడే ఛార్జిషీటు వేసి ఉంటే లాయర్‌తో హైకోర్టులో క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమని) వేయించండి.

పాస్‌పోర్టు సంగతికొస్తే, పాస్‌పోర్టు ఇవ్వకుండా ఆపే సెక్షన్, పాస్‌పోర్టు చట్టంలో 6(2)(ఎఫ్), కోర్టులో పెండింగ్ ఉన్న కేసు గురించే, ఉత్త ఎఫ్ఐఆర్ అందులోకి రాదని విదేశాంగ శాఖే 2019 అక్టోబర్‌లో చెప్పింది. కోర్టులో నంబర్ పడి ఉంటే దాచొద్దు, దాస్తే అదో కొత్త తలనొప్పి, ఆ కోర్టు దగ్గరే పర్మిషన్ ఆర్డర్ తెచ్చుకుని అప్లై చెయ్యండి.