కానిస్టేబుల్ ఉద్యోగానికి అసలు ఖర్చెంత?

ప్రశ్న: మాది మహబూబాబాద్ జిల్లా. మా అబ్బాయి ఇంటర్ పాసై కానిస్టేబుల్ అవుతానంటున్నాడు. టెక్సాస్‌లో ఉన్న మా బావమరిదేమో అక్కడ పోలీసు ట్రైనింగ్‌కు, లైసెన్సుకు చాలామంది సొంత డబ్బే పెట్టుకుంటారని చెప్పాడు. ఇక్కడెంత కట్టాలి? ఒకాయన మూడు లక్షలిస్తే పోస్టు ఖాయమంటున్నాడు. పొలం మీద అప్పు తేవాలా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అప్పు జోలికి వెళ్లకండి. ఈ ఉద్యోగానికి అంత డబ్బు అక్కర్లేదు.

మీ బావమరిది చెప్పింది నిజమే కానీ, అది అక్కడి పద్ధతి. టెక్సాస్‌లో పోలీసుగా పనిచేయాలంటే రాష్ట్ర కమిషన్ ఇచ్చే లైసెన్సు ఉండాలి. ఏదైనా డిపార్ట్‌మెంట్ ముందే ఉద్యోగంలోకి తీసుకుంటే అకాడమీ ఖర్చు తానే భరించవచ్చు, లేకపోతే అభ్యర్థి కట్టుకోవాలి. పైగా అక్కడ కానిస్టేబుల్ అనేది ఓట్లతో గెలిచే పదవి.

మన దగ్గర ముందు ఎంపిక, ఆ తర్వాతే శిక్షణ. తొమ్మిది నెలల శిక్షణా ప్రభుత్వ ఖర్చుతోనే, ఆ కాలంలో స్టైపెండ్ కూడా ఇస్తారు. చేరేటప్పుడు బాండ్ రాయించుకుంటే, మధ్యలో మానేస్తే ఏం కట్టాలో చదివి మరీ సంతకం పెట్టమనండి.

మీరు కట్టాల్సింది దరఖాస్తు ఫీజు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్‌కు 800 రూపాయలు, స్థానిక ఎస్సీ, ఎస్టీలకు 400. కేంద్ర బలగాల కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) పెట్టే జీడీ (జనరల్ డ్యూటీ) కానిస్టేబుల్ పరీక్షకు 100 మాత్రమే, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు అదీ లేదు. ఆ పరీక్షను 2024 నుంచి తెలుగులో రాయొచ్చు. దాన్ని వదులుకోవద్దు. రైల్వే రక్షణ దళం ఆర్పీఎఫ్‌కు 2024లో 500 తీసుకున్నారు, పరీక్షకు హాజరైతే అందులో 400 బ్యాంకు ఖాతాకు తిరిగి వేసే ఏర్పాటు ఉంది. దరఖాస్తులో అకౌంట్ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ తప్పు పడితే ఆ డబ్బు చేతికి రాదు.

అసలు ఖర్చంతా ఎదురుచూపులోనే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నవంబర్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. 2023 జనవరిలో ప్రిలిమ్స్ అయింది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబర్ చివర్లో గానీ మొదలు కాలేదు. తుది రాత పరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు ఆగస్టు 1న. అంటే రెండున్నరేళ్లు దాటింది. అన్నాళ్లూ హైదరాబాద్‌లో హాస్టల్ అద్దె, మెస్ బిల్లు కడుతూ కూర్చుంటే ఇల్లు గుల్లవుతుంది. తల్లిదండ్రులు ఇక్కడే నలిగిపోతున్నారు, చూస్తే బాధేస్తుంది. అందుకే మీవాణ్ని దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో చేర్పించండి. చదువు ఆగదు, ప్రిపరేషనూ సాగుతుంది. రాత పరీక్షకు పాత ప్రశ్నపత్రాలు, స్కూలు పాఠ్యపుస్తకాలు, రోజూ పేపర్‌తో మొదలుపెట్టమనండి. కోచింగ్ కావాలనిపిస్తే నోటిఫికేషన్ వచ్చాక కొద్ది నెలలు చాలు.

అంతకంటే ముందు ఒక పని చేయండి. చెప్పులు విప్పించి, గోడకు ఆనించి ఎత్తు కొలవండి. తెలంగాణ కానిస్టేబుల్‌కు మగవాళ్లు 167.6 సెంటీమీటర్లు ఉండాలి, కొన్ని ప్రాంతాల ఎస్టీలకు సడలింపు ఉంది. అది సరిపోతే పొద్దున్నే గ్రౌండ్‌కు పంపండి. 2022లో 1,600 మీటర్లకు ఇచ్చిన సమయం 7 నిమిషాల 15 సెకన్లు. నాలుగు మీటర్ల లాంగ్‌జంప్, ఆరు మీటర్ల షాట్‌పుట్ కూడా ఉన్నాయి. గ్రౌండ్‌లో ప్రాక్టీసుకు పైసా ఖర్చు లేదు. ఈలోపు ఒకటి నుంచి ఏడు వరకు చదివిన బడుల నుంచి స్టడీ సర్టిఫికెట్లు తెచ్చిపెట్టుకోండి. స్థానికత లెక్క వాటితోనే తేలుతుంది.

మూడు లక్షలు అడిగినాయన సంగతి. ఎంపిక మార్కులతో, రిజర్వేషన్ లెక్కలతో జరుగుతుంది. పోస్టు ఇప్పించడం ఆయన చేతిలో లేదు. ఆయన కాల్స్, వాట్సాప్ మెసేజ్‌లు తుడిచేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో చూపించి ఫిర్యాదు ఇవ్వండి. అడ్వాన్స్‌గా ఏమైనా ఇచ్చి ఉంటే ఆ వివరం కూడా రాయండి.