లాగ్ స్ప్లిటర్ కొనేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలో మీ వెర్మాంట్ చలికి కట్టెల స్టవ్ పెట్టించుకోవడం మంచి పనే. ఇక మొద్దులు చీల్చే మిషన్, అదే లాగ్ స్ప్లిటర్, ఏది కొనాలని అడిగావు కదా, ఆ సంగతి. షాపుకి వెళ్లేముందు టేపు పట్టుకుని పెరట్లోకి వెళ్లు. ఏ చెట్టు మొద్దులు, ఎంత లావున్నాయో చూసుకో. యాష్, మేపుల్ తేలిగ్గా పగులుతాయి. ఎల్మ్ మొండిది, పగిలాక కూడా రెండు ముక్కలూ నారతో అంటుకునే ఉంటాయి.

మొద్దులు పది అంగుళాల లావు దాటకపోతే, ఏడాదికి ఒక కార్డు, అంటే 128 ఘనపుటడుగుల కట్టెలోపే సరిపోతే, కరెంటుతో నడిచే, 5-7 టన్నుల బలంతో తోసే మిషన్ చాలు. దానికి పొడవాటి సన్న వైరు తగిలించకు, వోల్టేజి పడిపోయి మోటారు వేడెక్కుతుంది. 12 గేజి మందం వైరు తీసుకో, అదీ వీలైనంత పొట్టిది.

అంతకు మించితే పెట్రోలు మిషనే. దాని స్టిక్కరు మీది టన్నులు చూసి మాత్రం డబ్బు కట్టకు నాయనా, నూనె పీడనంతో తోసే సిలిండరు లోపలి వ్యాసం అడుగు. 4 అంగుళాలదైతే వైశాల్యం సుమారు 12.6 చదరపు అంగుళాలు. 3000 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి 3000 పౌండ్ల పీడనంతో హెచ్చవేస్తే దాదాపు 37,700 పౌండ్ల బలం. అక్కడి టన్ను 2000 పౌండ్లు కాబట్టి 19 టన్నులకి కాస్త తక్కువ. నాలుగున్నర అంగుళాలదైతే 24 దాకా, ఐదుదైతే 29 దాకా వస్తుంది. 4 అంగుళాల సిలిండరు పెట్టి 27 టన్నులని రాశారంటే 4300 పీఎస్‌ఐ కావాలి. అంత పీడనం ఏ పంపు ఇస్తుందో చూపించమను. రెండడుగుల ఓక్‌కి నాలుగున్నర అంగుళాలది ధైర్యంగా తీసుకోవచ్చు.

పంపు టూ-స్టేజ్‌దే ఉండాలి. మొద్దు తగిలేదాకా వేగంగా తోసి, బిగుసుకోగానే వేగం తగ్గించి బలం పెంచుతుంది.

నిలువుగా కూడా పనిచేసే మిషన్ కొను. 20 అంగుళాల లావు, 16 అంగుళాల పొడవున్న పచ్చి రెడ్ ఓక్ మొద్దు 180 పౌండ్ల దాకా తూగుతుంది. దాన్ని ఎత్తి మిషన్ దూలం మీద పెట్టడం నడుముకి మంచిది కాదు. నిలువుగా పెడితే నేలమీదే దొర్లించి, చీల్చే ఇనప మేకు (వెడ్జ్) కిందకి తోయొచ్చు. బరువైన చక్రం తిరిగే ఊపుతో కొట్టే ఫ్లైవీల్ రకం చాలా వేగం, కానీ ముడులున్న కట్టె దగ్గర ఆగిపోతుంది. నీ ఎల్మ్‌కి వద్దు.

మొద్దు రెండు కొసలూ సమంగా కోసుండాలి. వాలుగా ఉంటే ఒత్తిడికి పక్కకి ఎగురుతుంది. లివరు నొక్కేదీ, మొద్దు పెట్టేదీ ఒక్కరే. ఒకరు పెడుతుంటే ఇంకొకరు లివరు లాగితే వేళ్లు పోతాయి.

హోసు నుంచి నూనె కారుతోందనిపిస్తే చేత్తో తడమకు. కంటికి కనపడని ధార చర్మంలోకి దూరిపోతుంది, అప్పుడు సూదిపోటంత గాయమే కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. అట్టముక్క పెట్టి చూడు. ట్యాంకులో నూనె పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టు, నురగ కడితే పంపు గాలి పీలుస్తున్నట్టు. ముందు నూనె మట్టం చూసి, తర్వాత ట్యాంకు నుంచి పంపుకి నూనె లాగే సక్షన్ హోసు క్లాంపు బిగించు. చలికాలంలో వాడతావు కాబట్టి, మిషన్ పుస్తకం ఒప్పుకుంటే ఏడబ్ల్యూ 32 అనే పల్చటి హైడ్రాలిక్ నూనె పోయి.

కొనేముందు నాలుగున్నర అంగుళాల సిలిండరున్న మిషన్ ఒకటి ఒక్కరోజు అద్దెకు తెచ్చి, నీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా ముడులెక్కువున్న ఎల్మ్ మొద్దు మీద నడిపి చూడు. ఆ రోజే ఓక్ కూడా చీల్చి పేర్చేయి. అది ఆరడానికి రెండేళ్లు పట్టొచ్చు.

పెదనాన్న