ప్రయాన్ సోకిన ఎలుక మెదడు: న్యూరాన్ జన్యువులన్నీ తగ్గినట్టు ఎందుకు కనిపిస్తున్నాయి?

ప్రయాన్ (తప్పుగా మడతపడి మెదడును పాడుచేసే ప్రొటీన్) సోకిన ఎలుక మెదడులో న్యూరాన్ (నాడీకణం) జన్యువులన్నీ తగ్గినట్టు వచ్చింది, ఎందుకని అడిగారు. జన్యువులు ఆగిపోయాయని కాదు, ఆ న్యూరాన్లే చనిపోయి ఉంటాయి. జబ్బు చివరి దశలో మెదడు మొత్తం నుంచి ఆర్‌ఎన్‌ఏ (ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చూపే అణువు) తీశానన్నారు కదా. అప్పటికి న్యూరాన్లు తగ్గి, ఆస్ట్రోసైట్లు, మైక్రోగ్లియా (న్యూరాన్లకు తోడుండే గ్లియా కణాలు) పెరిగిపోతాయి.

1. ముందు జీఎఫ్‌ఏపీ (ఆస్ట్రోసైట్ల గుర్తు జన్యువు), ఏఐఎఫ్1 (మైక్రోగ్లియా గుర్తు జన్యువు) చూడండి. రెండూ బాగా పెరిగితే కణాల పాళ్లు మారి ఉండొచ్చు.

2. చాలామంది వదిలేసేది ఇదే: లక్షణాలు కనబడక ముందటి నమూనాలు. హిప్పోక్యాంపస్‌లో (మెదడులో జ్ఞాపకాలకు సంబంధించిన భాగం) న్యూరాన్లు దట్టంగా ఉండే సీఏ1 పొరను లేజర్‌తో కోసి, ఆ భాగం ఆర్‌ఎన్‌ఏ మాత్రమే తీయండి. గ్లియా కొంత కలిసినా పర్లేదు, చాలావరకు న్యూరాన్లదే వస్తుంది. బతికున్న న్యూరాన్ ఇన్ఫెక్షన్‌కి ఎలా స్పందిస్తోందో అక్కడే తెలుస్తుంది. నా దృష్టిలో అసలు విలువైన డేటా అదే.

3. కంట్రోల్ (పోలిక కోసం ఉంచే) ఎలుకలు అదే వయసువి ఉండాలి, వాటికి ఆరోగ్యమైన మెదడును నూరి చేసిన ద్రవం ఎక్కించాలి.

ప్రయాన్ ప్రొటీన్ జన్యువు పెరగలేదని టెన్షన్ వద్దు. మారేది ప్రొటీన్ మడత.